పుష్యమిని చూడాల్సిన రాత్రి

వైకుంఠరావుకు పంచాంగం మీద ఉన్న నమ్మకం సొంత తమ్ముడి మీద కూడా లేదు. బరంపురంలో తన మిరపకాయల టోకు కొట్టు తెరవాలన్నా, ఊరు కదలాలన్నా వర్జ్యం చూడాల్సిందే. అలాంటి మనిషిని ఆ పంచాంగమే నట్టేట ముంచింది.

ఆయన భార్య సత్యవతికి రెండు కళ్లలోనూ నడిమి చూపు మసకబారింది. ఎవరి ముఖంలోకి చూసినా ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తోంది. దీనికి మందు లేదన్నాడు డాక్టరు. పక్క చూపు మిగులుతుంది గానీ, నడిమి చూపు ఏడాదిలో పూర్తిగా పోవచ్చట. గోసాని నువాగాంలోని ఇంటికి వచ్చాక ఆవిడ ఏడవలేదు. రాత్రి అన్నం వడ్డిస్తూ ఒకే ఒక్క మాట అడిగింది.

"ఏటండీ, నాది పుష్యమి నక్షత్రం కదా. మన జాతకాలు కలిపింది దాన్నిబట్టే. గుళ్లో ఇన్నేళ్లుగా దాని పేరే చెప్పుకుంటున్నాను. అదెలా ఉంటాదో ఎప్పుడూ చూడలేదు. పూర్తిగా మసకైపోయే లోపు ఒక్కసారి చూపిస్తారా?"

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ కోరిన కోరికలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదొక్కటీ తీర్చలేకపోతే తానెందుకని ఆయనకు అనిపించింది.

వెంటనే పంచాంగం తిరగేశాడు. పుష్య పౌర్ణమి నాడు రాత్రంతా పుష్యమి! రోగి కోరింది పాలే, వైద్యుడు చెప్పింది పాలే అనుకుంటూ అంబాసిడర్ కారు మాట్లాడి, ఆ రాత్రి ఆవిడను గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్లాడు. వెన్నెల పిండారబోసినట్టుంది. ఆకాశంలో చంద్రుడు తప్ప చెప్పుకోదగ్గ చుక్క లేదు. మెడలు పట్టేసేదాకా చూసి ఇద్దరూ తిరుగుముఖం పట్టారు.

"పోనీలెండి" అంది సత్యవతి. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

వారం తిరక్కుండా సముద్రం ఒడ్డునున్న ఆర్యపల్లి నుంచి బుల్లమ్మ మిరపకాయలకు కొట్టుకు వచ్చింది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ముఖం ఎందుకలా వేలాడేశారని అడిగితే, ఆయన ఉన్నదంతా చెప్పేశాడు. బుల్లమ్మ పకపకా నవ్వింది.

"ఏటి సావుకారూ! పుష్యమి రోజంటే సెందమావ ఎల్లి పుష్యమి ఇంట్లో కూకున్న రోజు. అంత దీపం పక్కనెట్టుకుని మిణుగురుని ఎతికితే కనపడతాదా? సెందమావ ఎక్కడున్నాడో సెప్తాది మీ పంచాంగం. సుక్కని ఎప్పుడు సూడాలో అది సెప్పదు. శివరాత్రి ఎల్లిన అమాసకి మా ఊరు రండి. మాకాడ దీపాలుండవు. రేత్రి తొమ్మిదింటికి నడినెత్తి మీదుంతాది. మా అయ్య పడవలో కూకోబెట్టి సూపించేవోడు."

"అమావాస్య నాడా! ఆడమనిషిని తీసుకుని సముద్రం ఒడ్డుకా!" వైకుంఠరావు చెవులు మూసుకున్నాడు.

ఇంటికొచ్చి ఈ అప్రాచ్యపు మాట చెబితే సత్యవతి తేలిగ్గా తేల్చేసింది. "ముందు రోజు శివరాత్రే కదండీ. ఆ రోజూ చంద్రుడు తెల్లారగట్ల గానీ రాడు. ఎలాగూ జాగారమే. శివుడు ఆర్యపల్లిలో ఉండడా ఏటి?"

ఆయన మళ్లీ అంబాసిడర్ మాట్లాడాడు.

శివరాత్రి నాడు ఆర్యపల్లిలో కారు దిగగానే ఎండుచేపల వాసనకు ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సత్యవతి అదేమీ పట్టించుకోకుండా పడవల పక్కన ఇసుకలో చాప పరిపించుకుని వెల్లకిలా పడుకుంది. బుల్లమ్మ లాంతరు ఆర్పేసింది.

"ఓ అరగంట ఏ దీపమూ సూడకండి. కళ్లు సీకటికి అలవాటవ్వాల" అంది. ఆ తర్వాత చెయ్యెత్తి చూపించింది. "అదిగో, పడమటి పక్కన జంట సుక్కలు. తూరుపు పక్కన ఒంటి సుక్క. రెండిటికీ మజ్జన పిండి రాలినట్టుంతాది, అదే."

వైకుంఠరావుకు జంట చుక్కలు దొరికాయి, ఒంటి చుక్క దొరికింది. వాటి మధ్య కళ్లు చించుకుని చూసినా నల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు. బాగున్న కళ్లకే కనిపించనిది ఆమెకేం కనిపిస్తుంది? రెండోసారి కూడా ఆశపెట్టి చంపానే అనుకున్నాడు.

"ఉంది" అంది సత్యవతి.

ఆయన నమ్మలేదు. పెళ్లినాడు పట్టపగలు అరుంధతిని చూశానన్నట్టే, ఇదీ తన మనసు నొప్పించలేక అంటోందనుకున్నాడు.

"సరిగ్గా మధ్యన లేదు బుల్లమ్మా. జంట చుక్కలకే కాస్త దగ్గరగా ఉంది. పాలు ఒలికిన మరకలా ఉంది."

"అవునమ్మా! మీరే సరిగ్గా సెప్పినారు!" బుల్లమ్మ చప్పట్లు కొట్టింది.

"నీకెలా కనిపించింది సత్యా?" ఆయన నోరెళ్లబెట్టాడు.

"నేను దాన్ని చూడటం లేదండీ, దాని పక్కకి చూస్తున్నాను. ఇప్పుడు నేను ఏది చూడాలన్నా అలాగే కదా చూడాలి. మీరు గుచ్చి చూడకండి. కాస్త పక్కకి చూస్తూ, దాన్ని మనసులో పెట్టుకోండి."

ఆయన చూపు తప్పించాడు. ఏమీ లేని చోట మసక వెలుగు మెల్లగా తేలింది. నేరుగా చూడబోతే మాయమైంది. మళ్లీ పక్కకి చూస్తే వచ్చింది.

ఇన్నాళ్లూ ఆమె చూపు పోతోందని ఆయన కుమిలిపోతున్నాడు. ఆమె ఈలోగా ఎవరికీ చెప్పకుండా కొత్తగా చూడటం నేర్చుకుంది. ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి గమనించనందుకు ఆయనకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. కళ్లు చెమర్చేసరికి ఆ వెలుగు కాస్తా చెదిరిపోయింది.

"తప్పిపోయింది సత్యా. ఇంకోసారి చూపించు" అన్నాడు, చాప మీద ఆమె పక్కనే వాలుతూ.

సత్యవతి చీకట్లో తడిమి, ఆయన గడ్డం పట్టుకుని, తలను కొద్దిగా పక్కకు తిప్పింది.