కొట్టేసిన జవాబులు

నలభై నాలుగేళ్లొచ్చాక మల్లేశానికి చైనా భాష ఎందుకయ్యా అంటే, భూపాలపల్లిలో అతని కాంట్రాక్టరు నేల పైనుంచే బొగ్గు కోసే యంత్రాన్ని ఆ దేశం నుంచి తెప్పిస్తున్నాడు కాబట్టి. దాన్ని నడపడం నేర్చుకు రమ్మని మల్లేశాన్ని అక్కడికే పంపాడు. ముందు మూడు నెలలు భాష, ఆ తర్వాతే యంత్రం. భాష పరీక్ష తప్పితే తిరిగొచ్చి మళ్లీ నేల కింది బొగ్గు బాయి దిగాల్సిందే.

మల్లేశం భయమంతా అదే. బాయిలో పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చప్పుడు వినడం అతని పని. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే ఎవరూ అడుగు పెట్టకూడదు. మూడేళ్ల కింద ఒక రోజు సరేనన్నాడు, కప్పు కూలింది, తోటి కార్మికుడు పోచయ్య కాలు పోయింది. అప్పటినుంచి మల్లేశానికి తన చెవుల మీద నమ్మకం లేదు. పోచయ్య మొహం చూడలేదు, ఫోనూ చేయలేదు.

అలాంటివాడికి దొరికిన భాష చూడండి! ఒకే మాటను నాలుగు రాగాల్లో పలికితే నాలుగు అర్థాలట. క్లాసులో మిగతా పదకొండు మందీ పాతికేళ్ల లోపువాళ్లు, గడగడా పలికేస్తున్నారు. మన మల్లేశం నోరు తెరిస్తే వెనక కిసకిసలు. పగలంతా బట్టీ పట్టింది తెల్లారేసరికి మాయం.

"గీ వయసుల గీ తిప్పలేందిరా నాకు!" అని తనను తానే తిట్టుకునేవాడు.

పరీక్షలో నలభై మాటలు వినిపించారు. ఏది ఏ రాగమో అంకె వేయాలి. ఇరవై నాలుగు వస్తే గట్టెక్కినట్టు. పందొమ్మిదే వచ్చాయి. చచ్చింది గొర్రె అనుకున్నాడు.

భాష నేర్పే లిన్ మేడం అతని కాగితం ముందు పెట్టి, తన ప్రశ్నను ఫోనులో తెలుగులోకి మార్చి చూపించింది.

"మొదట రాసినవి సరైనవి. ఎందుకు కొట్టేసి మార్చారు?"

మల్లేశం లెక్కపెట్టాడు. పదహారు కొట్టేస్తే అందులో పదిహేను ఒప్పులే. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆమె మర్నాడు మళ్లీ రాయమంది.

గదికొచ్చి పోచయ్యకు ఫోన్ చేశాడు.

"పోచన్నా, నేను మల్లేశాన్ని. నా చెవులు మంచిగనే ఉన్నయట."

పోచయ్య వెంటనే అందుకున్నాడు.

"ఎన్నడు మంచిగ లెవ్వు? ఆ దినం ముందుగాల నువ్వు వద్దనే అన్నవు కద! షిఫ్టు అయిపోతాంది, ఏం కాదు నడువుమని నీ మీద పడ్డది నేను. గప్పుడు సరే అన్నవు. గీ మాట చెప్దామని మూడేండ్ల సంది చూస్తున్న. నువ్వు రావైతివి."

మల్లేశం వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే పరీక్షలో కొట్టేసిన జవాబుల సంగతి, రేపు మళ్లీ రాయాల్సిన సంగతి చెప్పాడు.

"ఏడ్సింది సాలు గని, ముందుగాల ఏది ఇనవడితే గదే రాయి. ఎవడు తొందరవెట్టినా మార్చకు" అన్నాడు పోచయ్య చివరికి.

మర్నాడు ముప్పై మూడు వచ్చాయి. తప్పిన ఏడూ కూడా సరైనవేనని, వచ్చిన నాలుగు చైనా ముక్కలతో మల్లేశం మేడంతో గట్టిగా వాదించాడు.