తాళాలక్క, ఆమె ఆఫీసు

ఆ రోజుల్లో తాళాలక్క పొద్దున్నే చేసే మొదటి పని ఆఫీసుని వెతుక్కోవడం.

ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో తాళాల గుత్తి. టీ కొట్టు దగ్గర ఆగి, "బాబాయ్, ఆఫీసు ఎటెళ్ళింది?" అని అడిగేది.

"రైలు గేటు దగ్గరుందంట. మేస్త్రి కూతురికి నెలలు నిండాయిగా," అనేవాడు టీ కొట్టాయన, గిన్నె మీంచి చూపు తిప్పకుండా. అక్క అటు నడిచేది.

రెండు గదుల ఆఫీసు అది. పసుపు గోడలు, ఆకుపచ్చ తలుపు, పక్కన ఎప్పుడూ కారే కుళాయి. రాజధానిలో ఉన్న ఆరోగ్య శాఖ వాళ్ళు ఊరికొకటి అలాంటిది కట్టించారు. మిగతా ఊళ్ళ సంగతేమో గానీ, ఈ ఊళ్ళోది మాత్రం కాళ్ళకి బలపం కట్టుకుని పుట్టింది. ఎవరింట్లో అవసరముంటే తెల్లారేసరికి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఉండేది. అది నడుస్తుంటే చూసినవాళ్ళు లేరు. పిల్లి పిల్లల్ని మార్చేటప్పుడు ఎవరు చూస్తారు?

అక్క తాళం తీసి, ఊడ్చి, ఫినాయిల్ వేసి తుడిచేది. తర్వాత డాక్టరమ్మ, నర్సు వచ్చేవాళ్ళు. ఒక గదిలో సూదులు, మందులు. ఇంకో గదిలో ముసలాళ్ళకి కళ్ళజోళ్ళు, కుంటేవాళ్ళకి చేతికర్రలు, పసిపిల్లలకి పాలపొడి. తూకం ఉయ్యాల్లో పడుకోబెట్టిన పిల్లలు ఏడిస్తే అక్క తాళాలు గలగలలాడించేది. ఠక్కున నోళ్ళు మూసేవాళ్ళు. ఆ పిల్లలే పెద్దయ్యి, మళ్ళీ వాళ్ళ పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు.

ఒకసారి పైనుంచి తనిఖీకొచ్చిన ఆఫీసరు ఆఫీసు దొరక్క జీపులో ఊరంతా తిరిగాడు. అనుమతి లేకుండా స్థలం వదిలినందుకు సంజాయిషీ ఇమ్మని ఆఫీసు పేరు మీదే మెమో పంపాడు. పంపింది ఆఫీసుకి కాబట్టి డాక్టరమ్మ దాన్ని గోడకి వినిపించింది. "విన్నావా? ఇంక బుద్ధిగా ఉండు," అంది అక్క. మర్నాడు అది చెరువు అవతల ఉంది.

వానలు వెనకబడ్డ ఆ ఏడు, ఒకరోజు స్నానం చేస్తుంటే అక్కకి ఎడం చంక కింద ఏదో గట్టిగా తగిలింది. శనగగింజంత. నొప్పి లేదు. ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మకీ అలాగే మొదలైంది. ఏరు దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ ఇంటికి రాలేదు. 'చెప్తేనే కదా జబ్బు, చెప్పకపోతే ఉత్త గింజే' అనుకుంది అక్క. గింజ కాస్తా ఉసిరికాయంత అయినా అదే మాట అనుకుంది.

ఒక పొద్దున తలుపు తీసేసరికి ఎదురుగా ఆకుపచ్చ తలుపు.

గుమ్మానికీ దానికీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టడు. "దారి తప్పావా ఏంటి?" అంది. అని, గబగబా పక్కింటికెళ్ళి, దగ్గుతున్న టైలరు అత్తగారిని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చింది.

"నాకేమైందే? పొడి దగ్గేగా!"

"నీకోసమే వచ్చింది పిన్నీ, నడు నడు."

డాక్టరమ్మ చూసి, వేణ్ణీళ్ళు తాగమని పంపించేసింది. మర్నాడూ ఆఫీసు అక్కడే ఉంది. ఈసారి అక్క మొగుణ్ణి తోసింది లోపలికి. ఆయన బస్సు కండక్టరు చేసి మానేసినవాడు, ఊరంతా హోల్డాన్ మామ అంటారు. ఆయన గుండె గడియారంలా కొట్టుకుంటోందని తేలింది.

"చూశావా, బండి కండిషన్లో ఉంది," అని మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

ఆ తర్వాత కూడా ఆఫీసు కదల్లేదు. రైలు గేటు నుంచి మేస్త్రి కూతురు పచ్చి బాలింత, బిడ్డనెత్తుకుని ఆటోలో రావాల్సొచ్చింది. "ఏంటక్కా, ఆఫీసుని మీ ఇంటికి కట్టేసుకున్నావా?" అంది దిగుతూ. నవ్వుతూనే అంది గానీ అక్కకి ముల్లు గుచ్చుకున్నట్టయింది.

అందరూ వెళ్ళాక తడిగుడ్డతో గచ్చు తుడుస్తూ దాన్ని తిట్టింది. "పో! నీకు వేరే ఇళ్ళు లేవా? సిగ్గులేకపోతే సరి."

గుమ్మంలో కూర్చున్న మామ అన్నీ వింటున్నాడు. "దాన్నెందుకే తిడతావు? బండి పాడైతే దిగి తోస్తాం. ఇది పాడవ్వలేదు. ప్యాసింజరు ఎక్కలేదని ఆగింది."

అక్క చెయ్యి ఆగింది.

"ఎవరే ఆ ప్యాసింజరు?"

నడుముకి దోపుకున్న తాళాల గుత్తి జారి కిందపడింది. ఆయనే వంగి తీశాడు. అక్క ఆయన చెయ్యి తీసుకుని చంక కింద పెట్టుకుంది. మామ మీసం వణికింది.

"మా అమ్మ ఏరు దాటి వెళ్ళి రాలేదయ్యా."

"మీ అమ్మని ఒళ్ళంతా పాకాక తీసుకెళ్ళారే. అక్కడ తోడుగానూ ఎవరూ ఉండలేదు."

మర్నాడు తాళం మామ తీశాడు. ఇన్నేళ్ళుగా తను తుడిచిన బెంచీ మీద అక్క మొదటిసారి కూర్చుంది. కొత్త చోటులా ఉంది. డాక్టరమ్మ చేత్తో తడిమి చూసింది. "ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళాలక్కా. ఇంకా చెయ్యి దాటలేదు."

"నేను ఈ గుమ్మం దాటను," అంది అక్క, బెంచీని రెండు చేతులా పట్టుకుని.

"దాటొద్దులే," అన్నాడు మామ. లేచి, మెట్టు మీద నిలబడి, పసుపు గోడని అరచేత్తో రెండుసార్లు చరిచాడు. "రైట్... రైట్!"

ఆఫీసు కదిలింది. సీసాలు గణగణమన్నాయి. నర్సు పాలపొడి డబ్బాలు పట్టుకుంది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, అది బరువుగా అడుగులేసుకుంటూ టీ కొట్టు ముందు నుంచి, రైలు గేటు మీదుగా, వంతెన ఎక్కింది. ఊరు దాటడం దానికదే మొదలు. వంతెన మధ్యలో అక్క కళ్ళు మూసుకుంది. మామ మెట్టు మీంచే ఒక చెయ్యి లోపలికి చాపి ఆమె చేతిని పట్టుకున్నాడు. ఆసుపత్రి ఆవరణలోకొచ్చాక "హోల్డాన్!" అన్నాడు. ఆగింది.

ఆపరేషనయ్యి అక్క కళ్ళు తెరిచి కిటికీలోంచి చూస్తే, కార్ల మధ్య పసుపు గోడలు, కారుతున్న కుళాయి. ఆమె కోలుకునేదాకా అది అక్కణ్ణుంచి కదల్లేదు. ఊరివాళ్ళే బస్సెక్కి వచ్చి సూదులేయించుకుని, అక్కని పలకరించి వెళ్ళేవాళ్ళు. మేస్త్రి కూతురైతే బిడ్డని తెచ్చి మంచం మీదే పడుకోబెట్టింది. ఒక్కరూ విసుక్కోలేదు. మెమో మాత్రం ఇంకోటి వచ్చింది.

అక్కతోనే అది తిరిగొచ్చింది, మెల్లగా, ఆగి ఆగి. ఆ తర్వాత ఎక్కువ తిరగలేదు.

ఇప్పుడు ఊళ్ళో అద్దాల ఆరోగ్య కేంద్రం ఉంది. మిషను చీటీ ఇస్తుంది, గోడమీద నంబరు వెలుగుతుంది. మందులు మంచివే. వెనకాల మూలన పాత ఆఫీసుని సామాను గదిగా ఉంచారు. తాళాలు ఇంకెవరి దగ్గరో ఉన్నాయి.

వాళ్ళమ్మ తల నెరవడం అక్క చూడలేదు. అక్క తల మాత్రం దూదిలా అయింది. రోజూ పొద్దున్నే అటు వెళ్ళి, పసుపు గోడ మీద చెయ్యి పెడుతుంది.

"కాళ్ళెలా ఉన్నాయే?"

కుళాయి ఒక చుక్క రాలుస్తుంది.

"నావీ అంతేలే," అని మెట్టు మీద కూర్చుంటుంది.