ధర దాచిన తువ్వాలు

నేను ఒక తువ్వాలును. మంగళగిరి మగ్గం మీద పుట్టాను. తెల్లటి నూలు, ఎర్రంచు. ఏ మంచి పనికైనా పనికొచ్చేదాన్ని. పసుపు మార్కెట్టులో దళారి సాంబిరెడ్డి చేతిలో పడ్డాను.

చెమట తుడవడానికి కొన్నాడనుకున్నాను. కాదు. ఆ మార్కెట్టులో ధర నోటితో చెప్పరు. నా కింద చేతులు కలుపుతారు. కొనే వ్యాపారి ముందు సాంబిరెడ్డి వేళ్ళు నొక్కి ఒక ధర చెబుతాడు. సాంబిరెడ్డి రైతు వేళ్ళు నొక్కి అంతకన్నా తక్కువ ధర చెబుతాడు. తేడా సాంబిరెడ్డి జేబులోకి పోతుంది. రైతు దణ్ణం పెట్టి వెళ్ళేవాడు. మనుషులు తమకు కనపడనిదానికే ఎక్కువ దణ్ణాలు పెడతారు.

పసుపు అంటి నా రంగు మారింది. సాంబిరెడ్డి భార్య సీతారావమ్మ నన్ను ఇంటి బట్టలతో కలిపి ఉతికేది కాదు. నాకు వేరే బకెట్టు. "రంగంటుద్దని" అనేవాడు సాంబిరెడ్డి. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఒక ఎండాకాలం ఆమె జ్వరమొచ్చి చనిపోయింది. తర్వాత అతనూ నన్ను విడిగానే ఉతుక్కున్నాడు. మాటలు తగ్గించాడు.

కూతురు హైమావతి అర్థశాస్త్రం చదివింది. విదేశాలకు పోయే పసుపు మీద పరిశోధన. ఓడరేవులో పలికే ధర రైతు ఇంటికి చేరేలోపు ఎక్కడ కరిగిపోతోందన్నది ఆమె ప్రశ్న. జవాబు తన ఇంట్లో దండెం మీద ఆరుతోందని తెలియడానికి ఏళ్ళు పట్టింది. చదువుకున్నవాళ్ళు దూరం నుంచి మొదలుపెడతారు. తెలిశాక మాత్రం దాచలేదు. సిద్ధాంత గ్రంథంలో రాసేసింది. తండ్రి పేరొక్కటే రాయలేదు.

మౌఖిక పరీక్ష నాడు సాంబిరెడ్డి నన్ను భుజాన వేసుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. పరీక్షకులు ఇద్దరు. వాళ్ళలో పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు.

"గుడ్డ కింద మోసం జరుగుతుందంటున్నావు. చూశావామ్మా?"

"లేదండీ. రైతులు చెప్పారు."

"వాళ్ళ చేతికి వచ్చిందే వాళ్ళకు తెలుసు. అవతలి చేతి సంగతి ఎవరు చెప్పారు?"

చెప్పగల మనిషి పేరు హైమావతి నోటి నుంచి రాదు. డాక్టరేటు పోయినట్టేనని గదిలో అందరికీ అర్థమైంది.

సాంబిరెడ్డి లేచాడు.

"అయ్యా, ఓసారి చెయ్యి ఇటివ్వండి. వేలికి వంద. మీ ఇష్టమొచ్చినన్ని వేళ్ళు నొక్కండి."

నన్ను పైన కప్పాడు. పెద్దాయన నొక్కాడు. తర్వాత నా కిందే రెండో ఆయన చెయ్యి పట్టుకుని సాంబిరెడ్డి నొక్కాడు. నన్ను లాగేశాడు.

"ఇప్పుడు ఇద్దరూ పైకి చెప్పండి."

చెప్పారు. ఒకాయన కొన్న ధరకీ, ఒకాయన అమ్మిన ధరకీ పొంతన లేదు. పెద్దాయన నవ్వబోయి ఆగాడు.

"మీరెవరు?"

"దళారినండి. ఈ పిల్ల నాన్నని."

డాక్టరేటు ఖాయమైంది. తిరుగు బస్సులో హైమావతి అంది, "ఈ పుస్తకం అచ్చయితే నీ పని పోద్ది నాన్నా."

"పోనీ."

నన్ను ఒళ్ళోకి తీసుకుని, "మీ అమ్మ దీన్ని విడిగా ఉతికేది. రంగంటుద్దనే అనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు.

అచ్చయింది. కొన్నాళ్ళకు మార్కెట్టులో బహిరంగ వేలం వచ్చింది. ధర అందరికీ వినపడేలా చెప్పడం మొదలైంది. సాంబిరెడ్డికీ నాకూ పని పోయింది. పాత రైతులు అతన్ని క్షమించలేదు. నేనూ క్షమించలేదు. క్షమించమని అతనూ అడగలేదు.

నేను హైమావతితో వెళ్ళిపోయాను. ఆమె పాఠాలు చెప్పింది, పుస్తకాలు రాసింది. లవంగాలు పండే దీవులూ, కాఫీ ఎగుమతి చేసే రేవులూ ఆమె సంచిలో పడి తిరిగాను. ప్రతిచోటా ఏదో ఒక గుడ్డ ఉంది. కొన్ని కంటికి ఆనవు. ఏటా కాలేజీలో తొలి పాఠం రోజున ఆమె విద్యార్థుల చేతుల మీద నన్ను కప్పుతుంది. లాగేశాక వాళ్ళ ముఖాలు చూడాలి. వాళ్ళలో కొందరు ఇప్పుడు మార్కెట్టు కమిటీల్లో ఉన్నారు. గుడ్డ కనిపిస్తే లాగే అలవాటు పోలేదట.

ముసలితనంలో సాంబిరెడ్డి కూతురి క్వార్టర్స్‌కు వచ్చాడు. బట్టలు తానే ఉతికేవాడు. ఒక ఆదివారం నన్ను కొక్కెం మీంచి తీసి ఆమె తెల్ల చీరల బకెట్టులో వేశాడు.

"నాన్నా, రంగంటుద్ది."

"అంటదు."

అంటలేదు.