పొయ్యి దగ్గర ఒంటరి కోడలు

ఆర్మేనియాలోని యెరెవాన్ స్టూడియోలో బొమ్మల సినిమాలు చేసే రోజుల్లో మా గీతలే మా తలరాతలు. మా దర్శకుడు హ్రాచిక్ తొలి సినిమా ఒక జానపద కథ. అత్తగారిని ముప్పుతిప్పలు పెట్టే గడుసు కోడలు అందులో నాయిక. జనం నవ్వితే విడుదల, మేం నవ్వులపాలైతే ఉద్వాసన అని పైవాళ్ళు తేల్చేశారు. అందుకని ముందుగా మా వీధి ముసలమ్మలకు చూపించాం.

మొదట్లో బాగానే నవ్వారు. కోడలు నేలలో తవ్విన గుంటపొయ్యి ముందు కూర్చుని, పాడుకుంటూ లవాష్ రొట్టెలు కాల్చే ఘట్టం రాగానే హాలంతా ముక్కులు చీదడం మొదలైంది. హ్రాచిక్ జుట్టు పీక్కున్నాడు.

"ఇది హాస్యం తల్లీ! ఏడుస్తారేంటి?"

"ఏడవక? పాపం, పిల్లకి ఎవరూ మిగల్లేదు కదరా!" అంది అరుస్యాక్ పిన్ని.

"అందరూ ఉన్నారు పిన్నీ!"

"ఉంటే ఒక్కతే కాలుస్తుందా? ఒకామె ముద్దలు చేస్తుంది, ఒకామె వత్తుతుంది, ఒకామె పొయ్యి లోపలి గోడకి కొడుతుంది. మధ్యలో ముగ్గురూ కలిసి ఊరందరినీ ఆడిపోసుకుంటారు. ఒక్కతే కూర్చుందంటే తక్కినవాళ్ళు పోయినట్టేగా, మొద్దూ!"

మా అమ్మ, మేనత్తలు, పిండి అంటిన వాళ్ళ మోచేతులు, ఆ వేడి రొట్టె వాసన ఒక్కసారిగా నాకు గుర్తొచ్చాయి.

హ్రాచిక్ లేచి దండం పెట్టాడు. "అమ్మల్లారా, ఊళ్ళో అందరూ క్షేమం! ముగ్గుర్ని గీస్తే పని మూడింతలవుతుందని ఒక్కతెతో సరిపెట్టాం. అంతే!"

హాలు గొల్లున నవ్వింది.

"హమ్మయ్య! అయితే పక్కన మమ్మల్ని గీయరా, ఖాళీగానే ఉన్నాం," అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ.