వంతు తప్పిన సభ

తప్పు మీది. ఐదు నిమిషాలిస్తే యాభై నిమిషాలు మింగిన లెక్చరరు గారిది, ఫొటోలో తన మొహం సరిగ్గా పడలేదని అందరినీ మళ్ళీ నిలబెట్టించిన హోటలు ఓనరుది, చప్పట్లు కొట్టిన మీ అందరిదీ. అందరికంటే ముందు నాది. ఆ సభ పెట్టింది నేను.

మనం తినేది ఎవరు పండిస్తున్నారో నలుగురూ మాట్లాడుకోవాలని నెల రోజులు వీధివీధీ తిరిగి గొంతు చించుకున్నాను. రైతు లేకుండా రైతు సభేమిటని మా మేనత్తను రమ్మన్నాను. ఆమెది అర ఎకరం టమాటా తోట. మామయ్య మోకాళ్ళు పట్టేసి మంచం దిగడు.

"ఆ రోజు పదకొండింటికి కాలవలో నా వంతురా," అంది అత్త. "అది తప్పితే మళ్ళీ ఎనిమిది రోజులకే నీళ్ళు. తోట పూత మీదుంది."

"పదింటికి నీతోనే మొదలుపెడతా. పదిన్నరకి బండి మీద తోట దగ్గర దింపే పూచీ నాది."

"నీ పూచీ నాకు తెలీదా! మేకను కాస్తానని చెట్టెక్కి నిద్రపోయినోడివి."

అయినా వచ్చింది. గోళ్ళ కింద మన్ను పోక చేతులు ఒళ్ళో దాచుకుని, 'అన్నదాతకు వందనం' అన్న బ్యానరు కింద చివరి కుర్చీలో కూర్చుంది. ముందు పెద్దవాళ్ళు మాట్లాడితే బాగుంటుందని ఎవరో నా చెవిలో ఊదారు. తలూపాను.

పదీ నలభైకి అత్త నా చొక్కా పట్టి లాగింది. "ఒరేయ్, నా వంతు."

"వస్తుందత్తా. ఇంకో ఇద్దరి తర్వాత నువ్వే."

"అది కాదురా. నా వంతు పోతోంది."

"ఎక్కడికీ పోదు. నీకు మైకివ్వకుండా సభ ముగించను."

"అమ్మగారు ఎంత ఉపన్యాసం దాచుకొచ్చారో!" అన్నాడు హోటలు ఓనరు. ముందు వరసంతా నవ్వింది. ఆ నవ్వుకి అత్త కుర్చీలోనే ముడుచుకుపోయింది. రైతు మాట వినండని ఊరంతా అరిచిన నాకు, పక్కనే కూర్చున్న రైతు చెప్పిన ఒక్క మాట చెవికెక్కలేదు. వంతంటే నాకప్పుడు మైకే.

పన్నెండున్నరకి మైకిచ్చాను. రెండు చేతులా పట్టుకుని, "నా వంతు అయిపోయింది," అని తిరిగి నా చేతిలో పెట్టి మెట్లు దిగింది. ఎంత వినయమో అని మీరు చప్పట్లు కొట్టారు.

అప్పటికి వెలిగింది నాకు. బండి తీశాను. అత్తను ఎక్కించుకెళ్ళి తోట దగ్గర దింపాను. కాలవ నీళ్ళు కింది చేలోకి పారుతున్నాయి. ఆ చేను రైతు గట్టు మీదే ఉన్నాడు.

"పావుగంట చూశానక్కా, కేకలు కూడా వేశా. నీళ్ళు ఆగవు కదా, మళ్ళించుకున్నా."

ఆయన తప్పేం లేదు. అత్త వంగి ఒక మొక్క మొదట్లో వేలు గుచ్చింది. వేలు దిగలేదు. పక్కనే రాలిన పూత.

"పోనీలే, నీ సభ బాగా జరిగిందిగా," అంది.

చెంప పగలగొట్టినా బాగుండేది.

వంతు రావడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. కింది చేను రైతు తన బావిలో నీళ్ళు తోడుకోమన్నాడు. రేపు పొద్దున్న ఆరింటికి మీరంతా బకెట్లతో రండి. బావి నుంచి తోట దాకా వరసగా నిలబడి అందిద్దాం. లెక్చరరు గారూ, మీరు కనీసం యాభై నిమిషాలు మోయాలి. మాట్లాడేది అత్త. మనం మోస్తూ విందాం. ఇకమీదట రైతు సభ ఏదైనా ఆమెనడిగి, ఆమెకు వీలైన రోజు, ఆ గట్టు మీదే పెట్టాలి.

బ్యానరు ఇంట్లోనే పడేసి రండి. బకెట్ మర్చిపోకండి.