మూరెడు ఎక్కువ

మా ఎమ్మెల్యేకి ఎత్తంటే భయం. ఊళ్లో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు ఆయన, రెండోవాణ్ణి నేను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ప్రతి ఎన్నికలకీ ఆయన వేదిక కట్టేది నేనే. నిచ్చెన ఎక్కుతుంటే వెనక నుంచి చీలమండ పట్టుకునేదీ నేనే. పట్టుకున్న చేతికి అన్నీ తెలుస్తాయి.

మూడో తరగతి దాకా ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. తర్వాత నేను బాడిసె పట్టాను, వాడు మైకు పట్టాడు. నలుగురిలో నేను ‘అయ్యా’ అంటాను, ఆయన ‘మేస్త్రీ’ అంటాడు. నిచ్చెన మీద మాత్రం నేను ‘ఒరేయ్’ అంటాను, వాడు ‘మొద్దూ’ అంటాడు. నోరు విప్పడం లేదని బళ్లో మాస్టారు నాకు పెట్టిన పేరు అది. ఆ పేరుకి తగ్గట్టు కొయ్య పనిలోనే పడ్డాను.

ఊరివాళ్లు ఆయన్ని నిగర్వి అంటారు. ఆఫీసుకి మేడ మీద పెద్ద గది ఇస్తే వద్దని, మెట్ల కింద చీపుళ్లు పెట్టుకునే గది తీసుకున్నాడు. పేదవాడికి అందుబాటులో ఉన్నాడని పేపర్లో వేశారు. మంచం ఎక్కడు, చాప మీదే పడక. సాదా మనిషి అన్నారు. ఒకసారి మంత్రి పదవి ఇస్తామని కబురొచ్చింది. మంత్రుల గదులన్నీ పై అంతస్తులో ఉంటాయని కనుక్కుని వద్దన్నాడు. పదవి మీద ఆశ లేని మనిషని ఊరేగింపు చేశారు. ఊరేగింపులో లారీ ఎక్కమంటే, జనంతో పాటు నడుస్తానన్నాడు. దానికి ఇంకా చప్పట్లు.

అలాంటివాడు వేదికలు ఎందుకెక్కాడంటే, తోడల్లుడి వల్ల.

మొదటి ఎన్నికల్లో మా వాడు సంతవీధిలో బోర్లించిన పళ్లపెట్టె మీద నిలబడి మాట్లాడాడు. పెట్టె బోర్లించింది నేను. గుర్తు గొడుగు. గెలిచాడు. ఆ సంతోషంలో మామగారింట్లో ఫోటో తీశారు. ఎమ్మెల్యే కదా అని మా వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తోడల్లుణ్ణి వెనక నిలబెట్టారు. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. తీరా ఫోటో వచ్చాక చూసుకుంటే నిలబడ్డవాడే ఎత్తుగా ఉన్నాడు. ఆయనకి రాజకీయం ఆ రోజే అర్థమైందని మా ఇంటిది అంటుంది. రెండో ఎన్నికల్లో గంట గుర్తు మీద ఆయనే నిలబడ్డాడు. మా వాడు పెట్టె మీద, ఆయన బల్ల మీద. బల్ల గెలిచింది.

మూడోసారి మా వాడు బండి మీద బల్ల వేయించుకుని గెలిచాడు. నాలుగోసారి బల్ల మీద బల్ల వేసుకుని తోడల్లుడు గెలిచాడు. ఇక తిరుగేముంది. ఎత్తున్నవాడిదే గెలుపని ఇద్దరికీ ఖాయమైపోయింది. వాళ్లకే కాదు, ఊరికీ ఖాయమైంది. రోడ్డు గురించి, నీళ్ల గురించి ఎవరూ అడగడం మానేశారు. ఈసారి ఎంత ఎత్తు అని అడిగేవారు.

ఐదో ఎన్నికలొచ్చాయి. ఊళ్లో వేదికలు కట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇద్దరూ నాకే చెప్పారు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. వాడిదెంతో అనవసరం, నాది దానికంటే మూరెడు ఎక్కువ ఉండాలన్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను ఇద్దరికీ సరే అన్నాను.

పని ఎలా చేశానంటే, రెండు దుంగలు ఇటు, వాటి మీద రెండు దుంగలు అటు, అలా పేర్చుకుంటూ పోయి పైన పలకలు పరిచాను. ఎత్తు పెంచాలంటే పైన ముట్టుకోనక్కర్లేదు. కింద నాలుగు మూలలా లారీ జాకీలు పెట్టి మొత్తం లేపి, అడుగున ఇంకో వరస దూర్చడమే. పైనున్న మనిషి ప్రసంగం ఆపక్కర్లేదు. సంతవీధి చిన్నది కాబట్టి రెండు వేదికలూ పక్కపక్కనే లేచాయి. మధ్యలో తోపుడుబండి పట్టేంత సందు.

పొద్దున ఇటు మూరెడు, సాయంత్రం అటు మూరెడు. కొన్నాళ్లకి మైకు వైరు చాల్లేదు. మైకతను ఇక తన వల్ల కాదని వైరు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఎన్నికల అధికారి వచ్చి రూల్సు పుస్తకం తిరగేశాడు. శబ్దానికి రూలుంది, పోస్టర్లకి రూలుంది, ఎత్తుకి లేదు. కాసేపు పైకి చూసి, మెడ పట్టేసిందని సెలవు పెట్టాడు. ఊరందరికీ మెడలు పట్టేశాయి. మందుల షాపులో నొప్పుల మందు దొరకలేదు. మనిషిని మాటలతో మునగచెట్టు ఎక్కించడం ఎక్కడైనా ఉంది. మా ఊరివాళ్లు దుంగలెక్కించారు.

ఒకరోజు తోడల్లుడు పై నుంచి చేతులు చాచి, ప్రచారం ముగిసేదాకా నేల మీద కాలు పెట్టనని శపథం చేశాడు. మాట వినపడలేదు, కాగితం ఉండ చుట్టి కిందికి విసిరితే చదివారు. ఈలలు వేశారు. అందరూ మా వాడి వైపు తిరిగారు. మా వాడు కళ్లు మూసుకున్నాడు. తానూ దిగనన్నట్టు చెయ్యి ఊపాడు. కింద నుంచి నా కళ్లు ఆయన కాలివేళ్ల మీదే ఉన్నాయి. పలకని గీరుతున్నాయి.

వాళ్ల భార్యలిద్దరూ అక్కాచెల్లెళ్లు కదా. రెండు పొయ్యిలెందుకని ఒకే పొయ్యి మీద వండి, రెండు బుట్టల్లో తాడుతో పైకి పంపేవారు. మొగుళ్లు ఇద్దరూ ఇంట్లో లేక హాయిగా ఉందని, ఎన్నికలు ఏటా వస్తే బాగుండునని చెల్లెలు మా ఇంటిదానితో అందట. అక్కకి మాత్రం దిగులు. మా వాడి బుట్ట వెళ్లింది వెళ్లినట్టే తిరిగొస్తోంది.

రోజూ ప్రసంగాలు. కింద నుంచి చూస్తే మా వాడు నవ్వుతూ చేతులు ఊపుతూ ఏదో గట్టిగా చెబుతున్నట్టు ఉండేది. ఒక్క ముక్క వినపడేది కాదు. ఆయన ఆగినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టేవారు.

గాలి మొదలైంది. రెండు వేదికలూ ఊగడం మొదలుపెట్టాయి. రెండిటినీ కలిపి దూలంతో బిగిస్తే తప్ప నిలవవు. పైకెక్కాను. అప్పుడు విన్నాను ఆయన ప్రసంగం.

“నాకు భయంగా ఉంది. పడిపోతాను. ఎవరైనా వచ్చి దించండి.”

అంతే. చెయ్యి ఊపి మళ్లీ అదే. కింద నుంచి చప్పట్లు.

దూలం కడుతూ, నిచ్చెన ఉందిగా అన్నాను. కళ్లు మూసుకునే నా భుజం వెతికి పట్టుకున్నాడు.

“దాని వంక చూడలేనురా మొద్దూ.”

“ఫైరింజన్ని పిలవనా?”

“పిలిస్తే చచ్చానే. ఎత్తుకే గదరా ఓటేసేది. దడుచుకున్నవాడికి ఎవడేస్తాడు? ఈసారీ సీటు రాకపోతే నాకింకో పనొచ్చా, చెప్పు. నీకు బాడిసె ఉంది.”

నేను ఆలోచించాను. నిజమే, ఇంకో పని రాదు. బళ్లో పెన్సిలు కూడా నేనే చెక్కిపెట్టేవాణ్ణి.

దిగేటప్పుడు తోడల్లుడి వంక చూశాను. ఆయన రెయిలింగు కర్రని రెండు చేతులా కావలించుకుని, అటు తిరిగి జనానికి వీపు చూపిస్తున్నాడు. గంట పార్టీవాళ్లు కింద, మా నాయకుడు ముందుచూపుతో దూరంగా చూస్తున్నాడు అనుకుంటున్నారు.

కర్ర విరగకూడదు, పాము చావాలి. మనిషి దిగకూడదు, కానీ దిగాలి. అయితే మనిషి దిగేదేముంది, వేదిక దిగితే చాలు. జాకీ పెట్టి వరస దూర్చినవాడు, జాకీ పెట్టి వరస లాగలేడా? దూలంతో బిగించాను కాబట్టి రెండూ కలిసే దిగుతాయి. నీది తగ్గింది, నాది తగ్గింది అనే తగువుండదు.

ప్రసంగాల వేళలోనే పని పెట్టుకున్నాను. అందరి తలకాయలూ పైకి ఉంటే అడుగున ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. ఇన్ని ఎన్నికల్లో నేను నేర్చుకున్న రాజకీయం ఈ ఒక్క ముక్కే. చప్పట్లు మోగినప్పుడు జాకీ తిప్పేవాణ్ణి. పొద్దున మూరెడు, సాయంత్రం మూరెడు. ఊళ్లో మెడనొప్పులు తగ్గుముఖం పట్టాయి. మందు మంచిదన్నారు.

ఒక సంగతి నాకు ముందు తట్టలేదు. దిగేకొద్దీ మాట వినపడుతుంది.

మా వాడు కళ్లు తెరవడం లేదు. తను దిగుతున్నట్టు ఆయనకే తెలీదు. అదే ప్రసంగం చేస్తున్నాడు. పైకెక్కి చెబుదామంటే జనం చూపు నాతో పాటు దుంగల మీద పడుతుంది. నోరు మూసుకోరా అని కింద నుంచి అరిస్తే ఊరంతా వింటుంది. అరవకపోతే రేపో ఎల్లుండో ఎలాగూ వింటుంది. వాళ్లావిడకి చెప్పాను. పళ్లకి అతుక్కునే మిఠాయి బుట్టలో పెట్టి పంపింది. ఆయన ముట్టలేదు. పక్కన తోడల్లుడు కర్ర వదలకుండానే ఒక చెయ్యి చాచి అది తినేశాడు. రెండు పూటలు పెగలంది తోడల్లుడి నోరే.

ప్రచారం ఆఖరి రోజు. వేదిక పళ్లపెట్టెంత ఎత్తుకి దిగింది. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎత్తు తగ్గిందని ఎవరూ అనలేదు. రోజూ కాస్త కాస్త తలదించుకుంటూ వచ్చారు కాబట్టి వాళ్లకి మామూలుగానే ఉంది. ముందు వరసలో కూరగాయలమ్మే ముసలమ్మ తన గంపతో సహా కూర్చుంది. మా వాడు కళ్లు మూసుకుని, నవ్వుతూ, చెయ్యి ఊపి మొదలుపెట్టాడు.

“నాకు భయంగా ఉంది. పడిపోతాను. ఎవరైనా వచ్చి దించండి.”

చప్పట్లకి లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి.

ముసలమ్మ గంప పక్కకి జరిపింది. “ఏమయ్యా, ఇన్నాళ్లూ నువ్వు చెబుతోంది ఇదేనా?”

దగ్గర్లో మనిషి గొంతు వినపడేసరికి మా వాడు కళ్లు తెరిచాడు. ఎదురుగా ముసలమ్మ ముఖం, దాని పక్కన వంకాయలు. కిందికి చూశాడు. నన్ను చూశాడు. అయిపోయిందిరా అన్నట్టు పెదవి కదిలింది. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

“ఇదే అమ్మా. మొదట్నుంచీ ఇదే.”

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. సీటు నా కళ్ల ముందే జారిపోతోంది. నేను జాకీ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ముసలమ్మ వాళ్లని కసిరింది. ఇన్ని ఎన్నికల్లో ఎమ్మెల్యే నోట తాను విన్న నిజం ఇదొక్కటేనని, నవ్వేవాళ్లు ఇంకోటి ఉంటే చెప్పమని అడిగింది. నవ్వేవాళ్లు ఆలోచనలో పడ్డారు. ఎంత వెతికినా ఇంకోటి దొరకలేదు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

తోడల్లుడు అది విని ఇటు తిరిగాడు. అన్నాళ్లకి ఆయన ముఖం చూశాం. చూస్తూ చూస్తూ చప్పట్లన్నీ పక్కవాడికి పోతుంటే ఊరుకుంటాడా.

“వాడిదీ ఒక భయమేనా? నా భయం వాడికంటే మూరెడు ఎక్కువ.”

గంట పార్టీవాళ్లు ఈలలు వేశారు. మా వాడికి రోషమొచ్చింది. తాను ఈ వేదిక మీద నిద్రపోలేదన్నాడు. తోడల్లుడు తాను కర్ర వదల్లేదన్నాడు. తాను అన్నం మానేశానని మా వాడు, భయం ఎక్కువై నీ మిఠాయి కూడా తిన్నానని తోడల్లుడు. నేను మంచం ఎక్కనంటే నేను మంచం ఎక్కనని ఇద్దరూ పోట్లాడుకున్నారు. కింద భార్యలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఊరు రెండుగా చీలింది. ఎవరి భయం గొప్పదో తేలితే గాని ఓటు వేసేది లేదన్నారు.

తేల్చేదెవరు? ముసలమ్మ చుట్టూ చూసి నన్ను పట్టుకుంది.

“మేస్త్రీ, ఇద్దరి కాళ్లూ పట్టుకుని ఎక్కించినవాడివి నువ్వు. నువ్వు చెప్పు.”

నేను అంతమందిలో ఎప్పుడూ నోరు విప్పలేదు. మా ఇంటిది గుంపులోంచి, ఆయన చెప్పడమ్మా, కాపరానికొచ్చి ఇన్నేళ్లయినా నాతోనే చెప్పలేదు అంది. మా వాడు నా వంక చూశాడు. ఆ చూపు నాకు బళ్లో నుంచీ తెలుసు. పెన్సిలు మొన విరిగినప్పుడు చూసే చూపు.

అబద్ధం చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి. నా దగ్గర అన్ని లేవు. ఉన్నది చెప్పాను.

“తోడల్లుడిగారి కాలు నిచ్చెన మధ్యకి వెళ్లాక వణికింది. గట్టిగానే వణికింది. ఈయన కాలు మొదటి మెట్టు ఎక్కకముందే, నేల మీద ఉండగానే వణికింది.”

ఊరు కాసేపు దాన్ని తూకం వేసుకుంది. నేల మీదే వణికినవాణ్ణి మించి వణకడం ఎవరి తరం? తోడల్లుడు కూడా తలొంచాడు. మా వాడు పెట్టెంత ఎత్తు నుంచి దిగబోయి మళ్లీ ఆగిపోయాడు. వెళ్లి చీలమండ పట్టుకున్నాను. ఎందుకో ఊరంతటికీ తెలిసుండగా పట్టుకోవడం అదే మొదలు.

మెజారిటీ అంతకుముందు ఎప్పుడూ రానంత వచ్చింది. అది చూసి, కింది అంతస్తులో గది ఇచ్చి మరీ మంత్రిని చేస్తామంటే ఒప్పుకున్నాడు.

మంత్రిగా ప్రమాణం చేసే రోజు నన్ను కూడా రాజధానికి తీసుకెళ్లాడు. తోడల్లుడూ వచ్చాడు గాని, చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చునే చోటు మేడ మీదట. కింద గేటు దగ్గరే ఉండిపోయాడు. నాకు లోపలికి వెళ్లడానికి చీటీ ఇస్తూ ఏం పని అని అడిగారు. చీలమండ అన్నాను. రాసుకున్నారు.

ప్రమాణం చేసే చోటికి మూడు మెట్లున్నాయి. మా వాడు ఎక్కాడు, నేను కింద గొంతుక్కూర్చుని పట్టుకున్నాను. కాగితం చూసి గట్టిగా చదువుతూ వచ్చాడు. ‘భయం గాని, పక్షపాతం గాని లేకుండా’ అనే చోటికి వచ్చేసరికి కాలు వణికింది. మాట ఆగింది.

బిగించి పట్టుకున్నాను. తర్వాతి ముక్క చదివాడు.