అడ్డపొగ

భ్రమరాంబ గారు పోయారని నీరజకు సోమవారం మధ్యాహ్నం తెలిసింది.

ఆస్ట్రేలియాలో, పారమట్టాకు దగ్గర్లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది నీరజ. పెద్దవాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కాసేపు ఎండకు తిప్పడం ఆమె పని. డైనింగ్ హాల్లో ఒక తాతకు సూప్ పడుతుండగా ఇన్‌ఛార్జి నర్సు ఆరిఫా గుమ్మం దగ్గరకు వచ్చింది.

"పద్నాలుగో రూం ఆంటీ పొద్దున హాస్పిటల్లో పోయిందట నీరజా. నిమోనియా," అని చెప్పి, ఎక్కడో బెల్లు మోగితే అటు వెళ్లిపోయింది.

నీరజ తాతకు సూప్ మొత్తం పట్టి, మూతి తుడిచి, స్టాఫ్ బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. జేబులోని సిగరెట్ పెట్టె తీసి, ఉన్నవన్నీ పిడికిట్లో నలిపి, వాడిన గ్లవ్స్ వేసే డబ్బాలో పడేసింది. లైటరు కూడా వేసేసింది. పద్నాలుగేళ్ల అలవాటు అది. స్టూడెంటుగా వచ్చిన కొత్తలో, నైట్ షిఫ్టుల్లో నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టింది. మానమని భర్త భార్గవ్ బతిమాలాడు, అలిగాడు, అరిచాడు. కూతురు హరిప్రియ కడుపులో ఉన్నప్పుడు మానింది గానీ, పాప పాలు మానగానే మళ్లీ అందుకుంది. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే మానేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

కారణం అంతకు ముందు గురువారం నాటిది.

భ్రమరాంబ గారిది పలాస. ఎనభై ఒక్క ఏళ్లు. మతిమరుపు ముదిరి, కొడుకు పేరు ఒకరోజు గుర్తుంటే ఒకరోజు ఉండేది కాదు. ఇంగ్లీషు బొత్తిగా రాదు. నీరజది విజయనగరం కావడంతో ఆ భవనంలో ఆమె మాట పూర్తిగా అర్థమయ్యేది నీరజ ఒక్కదానికే. అన్నీ మరిచిపోయిన ఆవిడ ఒక్కటి మాత్రం మరవలేదు. బ్రేక్ నుంచి నీరజ తిరిగి రాగానే ముక్కు ఎగబీల్చేది.

"ఏటమ్మా, పొగ తాగొచ్చినావు గదా? నాకు తెలీదనుకున్నావేటి? ఒక్క దమ్ము లాగనీయవే. ఒక్కటంటే ఒక్కటి. ఎవులికీ సెప్పనులే."

ఆవిడ పదిహేనో ఏటి నుంచి అడ్డపొగ తాగిన మనిషి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని ఆ వైపు అడ్డపొగ అంటారు. జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే ఆడవాళ్లకు అదే వీలు. చేతులు ఖాళీగా ఉండవు, గాలికి నిప్పు ఆరదు, బూడిద పప్పులో రాలదు. ఆస్ట్రేలియా వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇప్పుడు ఊపిరితిత్తులు బలహీనమని, మింగేటప్పుడు పొరబోకుండా నీళ్లు కూడా చిక్కబరిచి ఇవ్వాలని ఆమె గది తలుపు మీద కాగితం అంటించి ఉండేది.

ఆ గురువారం ఎండ బాగుంది. నీరజ ఆవిడను వెనక గేటు పక్కకు తోసుకెళ్లి, కుర్చీకి బ్రేకు వేసి, నాలుగడుగులు దూరంగా నిలబడి సిగరెట్ వెలిగించింది. రూలు ప్రకారం అదే తప్పు. భ్రమరాంబ గారు ఏమీ అడగలేదు. ఆ రోజు అడగడం కూడా మరిచిపోయినట్టున్నారు. రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టుకుని, లేనిదాన్ని పీలుస్తూ కూర్చున్నారు. నీరజ చూడలేకపోయింది. సగం కాలిన సిగరెట్‌ను ఆ వేళ్ల మధ్య పెట్టింది.

ముసలావిడ దాన్ని తిప్పి, నిప్పు లోపలికి పెట్టుకుని, పెదాలు మూసేశారు. నీరజ లాక్కుందామని చెయ్యి చాచింది. అంతలోనే ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది. కళ్లు మూసుకున్న ఆ మొహం మీది ముడతలన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. రెండో దమ్ముకు దగ్గు తెర వచ్చింది. మూడు నిమిషాలు ఆగలేదు.

శనివారం జ్వరం. ఆదివారం అంబులెన్స్. సోమవారం కబురు.

*

మంగళవారం పొద్దున తాముండే రౌస్ హిల్ నుంచి పారమట్టా బస్సులో కూర్చున్న నీరజ చెయ్యి పన్నెండుసార్లు జేబులోకి వెళ్లి వచ్చింది. లెక్కపెట్టింది కాబట్టి తెలుసు. పది గంటల బ్రేక్‌కు కాళ్లు వాటంతట అవే వెనక గేటు వైపు నడిచాయి. గేటు గడియ మీద చెయ్యి వేశాక గుర్తొచ్చి ఆగింది.

"ఏటి, ఆగిపోనావు?" అని వెనకనుంచి వినబడింది.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఉతికిన దుప్పట్ల బండి ఒక్కటే ఉంది. గొంతు మాత్రం స్పష్టంగా భ్రమరాంబ గారిదే. లోపలికి వెళ్లి చల్లని నీళ్లతో మొహం కడుక్కుంది.

ఇంట్లో భార్గవ్ పండగ చేసుకున్నాడు. "ఒక రోజంతా తాగలేదా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగి, సాయంత్రానికల్లా కెమిస్ట్ దగ్గర నికొటిన్ ప్యాచ్‌లు, ఒక సంచీడు కమలాలు, క్యారెట్లు తెచ్చాడు. "మొదటి మూడు రోజులే టఫ్ అంట నీరజా. తర్వాత దిగిపోద్ది. ఐ యామ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ, తెలుసా?"

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషం అనుకున్నాడతను. ప్యాచ్‌ల పెట్టెను ఆమె తెరవలేదు. తెరిస్తే శిక్ష తగ్గిపోతుందనిపించింది.

బుధవారానికి తల లోపల దూది కుక్కినట్టయింది. ఒకరి మాత్రలు ఇంకొకరికి అందించబోయి, చివరి క్షణంలో చూసుకుంది. చెమటలు, ఆకలి, కడుపుబ్బరం, నోట్లో పుండు. ఎన్నడూ లేనంత దగ్గు. అన్నిటికంటే భయపెట్టింది మాత్రం ముక్కు. పద్నాలుగేళ్లుగా మొద్దుబారిన ముక్కు మేలుకుని, కారిడార్‌లోని ప్రతి వాసననూ విడివిడిగా పట్టుకోసాగింది. ఫినాయిల్, ఉడికిన క్యాబేజీ, పౌడరు. పద్నాలుగో రూం దాటుతుంటే చుట్ట.

ఆగి తలుపు తీసింది. పక్క బట్టలు తీసేసిన ఉత్త పరుపు. కిటికీ అవతల పసుపుపచ్చగా పూసిన వాటిల్ చెట్టు. ఆ గదిలో ఎన్నడూ ఎవరూ చుట్ట కాల్చలేదు. అయినా నాటు పొగాకు ఘాటు గొంతు దాకా దిగింది. ఆమె నోట్లో నీళ్లూరాయి. ఒక మనిషి చచ్చిపోయిన గదిలో నిలబడితే తనకు నోరూరడమేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒక్కటంటే ఒక్కటి," అంది పరుపు వైపునుంచి ఆ గొంతు.

నీరజ తలుపు వేసి, గబగబా నడిచి, మెట్ల దగ్గర కూలబడింది.

గురువారం సెలవు. భార్గవ్ ఆఫీసుకు, పాప స్కూలుకు వెళ్లారు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం ఆమె బీరువా సర్దుతూ పాత చలికోటు దులిపింది. చిరిగిన జేబులోంచి లోపలి గుడ్డలోకి జారిపోయిన సిగరెట్ ఒకటి చేతికి తగిలింది. కాస్త వంకర తిరిగింది గానీ విరగలేదు.

తర్వాత ఏం జరిగిందో ఆమెకు వరసగా గుర్తులేదు. వంటింట్లో గ్యాస్ లైటరు తీసింది. పెరట్లో బట్టల తీగ కింద నిలబడింది. మనసు ఇంకేమీ చెప్పడం లేదు, భ్రమరాంబ గారి గొంతే చెబుతోంది. "నాక్కాదే తల్లీ, నీకే. నువ్వే లాగు. ఎవులికీ సెప్పనులే."

"మామ్మగారూ, వద్దు. నన్ను వదిలెయ్యండి. మీకిచ్చింది చాలదా?" అంది నీరజ పైకే.

సిగరెట్ నోట్లో ఉంది. నాలుక మీద పొగాకు పొడి చేదుగా తగిలింది. ఫిల్టరు లేదు. కళ్లు కిందికి దించి చూస్తే ఫిల్టరు బయటి వైపు ఉంది. వెలిగించాల్సిన కొసను లోపలికి పెట్టుకుంది తను. ఎప్పుడు తిప్పిందో తెలియదు. ఇంకొక్క క్షణమైతే ఫిల్టరుకు నిప్పు పెట్టేది.

కెవ్వున అరిచి, ఉమ్మేసి, కాలితో తొక్కింది. గడ్డిలో కలిసిపోయేదాకా తొక్కుతూనే ఉంది.

"మమ్, హూ ఆర్ యూ టాకింగ్ టు?"

స్కూలు బ్యాగుతో హరిప్రియ పెరటి తలుపులో నిలబడి ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల మొహంలో అంతకు ముందెన్నడూ చూడని భయం.

"ఎవరితోనూ కాదు! లోపలికి పో!" అని నీరజ గట్టిగా అరిచింది. పిల్ల వెనక్కి ఒక్కో అడుగు వేసి, లోపలికి పరిగెత్తింది. నీరజ గడ్డి మీదే కూర్చుండిపోయింది.

*

శుక్రవారం రెండు గంటలకు భ్రమరాంబ గారి కొడుకు కోటేశ్వరరావు తల్లి వస్తువులకోసం వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. బ్లాక్‌టౌన్ వైపు ఉంటాడు. ఆదివారం ఆదివారం వచ్చి, తల్లి పక్కన ఫోన్ చూసుకుంటూ గంట కూర్చుని వెళ్లేవాడు. సంచులు కారు దాకా మోయడానికి ఆరిఫా నీరజను పంపింది.

డిక్కీలో చీరల సంచి పెట్టాక నీరజ వెళ్లలేదు.

"అంకుల్, మీకొకటి చెప్పాలి. పోయిన గురువారం మామ్మగారికి నేను సిగరెట్ ఇచ్చాను. రెండు దమ్ములు లాగారు. రెండు రోజులకు జ్వరమొచ్చింది."

అతను ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మొహం ఎర్రబడింది.

"నువ్వెవరమ్మా ఇవ్వడానికి? ఊపిరితిత్తులు పాడని డాక్టర్ రాసిచ్చేడు కదా? వి ట్రస్టెడ్ యూ పీపుల్!"

"తప్పే అంకుల్. ఎందుకిచ్చానో కూడా..."

అతను వినలేదు. డిక్కీ ఠప్పున వేసి, కార్లో కూర్చుని, ఇంజను స్టార్ట్ చేశాడు. నీరజ కదలకుండా నిలబడింది. కారూ కదల్లేదు. కాసేపటికి ఇంజను ఆగింది. అద్దం దిగింది.

"అడ్డపొగే తాగిందా?"

"అవునంకుల్. తిప్పి పెట్టుకున్నారు."

"కాల్లేదా నోరు?"

"లేదు. కళ్లు మూసుకున్నారు. మొహం అలా... నేనెప్పుడూ అలా చూళ్లేదు ఆవిణ్ని."

కోటేశ్వరరావు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"ఏడేళ్ల కిందట తీసుకొచ్చేను," అన్నాడు. "ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికెళ్లిన రోజే సంచిలో చుట్టలన్నీ తీసి బిన్‌లో పడేసేను. కార్పెట్ ఇల్లు, స్మోక్ అలారం, మా ఆవిడకి పడదు. అరవై ఏళ్ల అలవాటమ్మా అది. ఒక్క రోజులో కట్. వారం రోజులు మా అమ్మ గరాజ్‌లో కూర్చుంది. కారు తలుపు పట్టుకుని అలగ కూర్చునేది. అన్నం తినేది కాదు, పిలిస్తే తిట్టేది. ఇక్కడికి తెచ్చినందుకు అలిగిందనుకున్నాం. పోనీలే, సర్దుకుంటాదిలే అనుకున్నాం."

అతను నీరజ వైపు తిరిగాడు.

"నువ్వు తాగుతావు కదా. మానేస్తే ఎలాగుంటాదమ్మా?"

నీరజ మానేసి నాలుగు రోజులైందని అతనికి తెలియదు. ఆమె చెప్పింది. జేబులోకి పోయే చేతుల గురించి, పిచ్చెక్కించే ముక్కు గురించి, ఏ కారణమూ లేకుండా వచ్చే ఏడుపు గురించి, పిల్లమీద అరవడం గురించి. ఒంట్లోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టూ, వెళ్లినవాళ్లు మళ్లీ తలుపు కొడుతున్నట్టూ ఉంటుందని చెప్పింది. మీ అమ్మగారి గొంతు వినిపిస్తోందని కూడా చెప్పింది. ఆవిడకు అది చెప్పుకోవడానికి భాష తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, అడిగినవాళ్లు లేరు అనే మాట మాత్రం మింగేసింది.

అయినా అది అతనికి వినబడినట్టే ఉంది. అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నిన్ను క్షమించేనని చెప్పలేను," అన్నాడు చివరికి. "నన్నూ అంతే." కారు వెళ్లిపోయింది.

నీరజ తిన్నగా ఆరిఫా గదిలోకి వెళ్లి, జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆరిఫా రెండుసార్లు చదివింది.

"దగ్గు అంతకు ముందు వారం నుంచే ఉంది. చార్ట్‌లో రాసింది నేనే," అంది. తర్వాత కళ్లద్దాలు తీసి, "కానీ నువ్వు చేసింది తప్పే నీరజా. పైకి పంపకుండా ఉండలేను," అంది.

రెండు వారాలు పనికి రావద్దన్నారు. తర్వాత హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, మళ్లీ శిక్షణకు కూర్చోబెట్టి తీసుకున్నారు. జ్వరానికి ఆ రెండు దమ్ములే కారణమా, కాదా అనేది ఎవరూ తేల్చలేదు. తేలుతుందని నీరజ కూడా అనుకోలేదు.

ఆ శుక్రవారం సాయంత్రమే భార్గవ్‌కు మొత్తం చెప్పింది. అతను కమలాపండు ఒలుస్తూ ఒలుస్తూ ఆపేసి, ప్యాచ్‌ల పెట్టె చింపి, ఒకటి తీసి, ఆమె భుజం మీద తనే అంటించాడు. హరిప్రియ మరో రెండు రోజులు తల్లికి దూరంగానే తిరిగింది. మూడో రోజు తనంత తనే వచ్చి పక్కలో పడుకుంది.

సిగరెట్ మానేసి పదకొండు రోజులైన శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కోటేశ్వరరావు. ఆరిఫాను అడిగి నంబరు తీసుకున్నాడట.

"ఇంకా మానే ఉన్నావా?"

"ఉన్నానంకుల్."

"ఎలాగుంది?"

అంతే అడిగాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఇంచుమించు అదే వేళకు చేస్తున్నాడు. ఎందుకు చేస్తున్నాడో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. చాలాసార్లు బాగానే ఉందంటుంది. ముసలావిడ గొంతు ఇప్పుడు రోజూ రావడం లేదు గానీ, వచ్చినప్పుడు పక్కనే కూర్చున్నట్టు వస్తుంది.

పోయిన శుక్రవారం నీరజ, "ఇవాళ బాగాలేదంకుల్," అంది.

అవతల కారు ఇండికేటర్ టకటకా కొట్టుకోవడం వినబడింది. అతను రోడ్డు పక్కన ఎక్కడో ఆపుకున్నట్టున్నాడు. ఆమె ఏడ్చింది, ఊరుకుంది, ముక్కు చీదుకుంది. ఇరవై నిమిషాలు గడిచినా అతను ఫోన్ పెట్టేయలేదు.